నీళ్ళని నమ్మని మనిషి

అనుమానం ముందు పుట్టి, ఆ తర్వాతే మా అక్క పుట్టిందని మా అత్తగారు అనేవారు. అక్క అంటే తోడబుట్టినది కాదు, నా తోడికోడలు. ఒకే ఇంట్లో కింద వాటాలో మేము, పై వాటాలో వాళ్ళు. వంటిల్లు మాత్రం అందరికీ ఒకటే.

నేను కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో, ఫ్రిజ్‌లో ఐస్ పెట్టే అరలో ఒక డబ్బా కనబడితే చెర్రీపళ్ళేమో అనుకుని మూత తీశాను. లోపల ఎర్రటి సన్నటి పురుగులు, ఒకదాన్నొకటి పెనవేసుకుని గడ్డకట్టి ఉన్నాయి. నా కేకకి ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చారు. అందరికంటే వెనక వచ్చిన అక్క నా మొహం వైపు కూడా చూడలేదు. డబ్బా అందుకుని, "ఎంతసేపైంది మూత తీసి?" అని అడిగింది. ఈ ఇంట్లో ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

అవి చేపల మేత. చేపల తొట్లు చూసుకోవడమే అక్క ఉద్యోగం. హోటళ్ళలో, ఆఫీసుల్లో, డాక్టర్ల దగ్గర జనం కూర్చునే గదుల్లో గాజుతొట్లు ఉంటాయి కదా, వాటిలో నీళ్ళు మార్చడం, గాజుకి పట్టిన నాచు గీకడం, నలతగా ఉన్న చేపని ముందే కనిపెట్టి వేరు చెయ్యడం ఆవిడ పని. ఇది కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్విన చుట్టాలు చాలామందే ఉన్నారు. మా మరుదులైతే "వదినకి చేపలు జీతమిస్తాయి" అనేవాళ్ళు.

ఆ పిచ్చి ఈనాటిది కాదు. వాళ్ళ నాన్న దర్జీ. కుట్టుమిషను పక్కన, దారపు కండెల మధ్య, అక్కకి ఒక గాజుజాడీ ఉండేదట. కాలవలో గుడ్డ పరిచి పట్టుకొచ్చిన వేలెడంత లేని చేపలు అందులో తిరిగేవి. కూతురు దోమల్ని పెంచుతోందని ఆయన అనుమానం. జాడీలో వేలు ముంచి, వాసన చూసి, "ఇందులో ఏదో ఉంది" అనేవాడట.

"చేపలున్నాయి నాన్నా."

"అవి కాక."

కొంచెం పెద్దయ్యాక బడి నుంచి వచ్చేటప్పుడు చేపలమ్మే కొట్టు ముందు ఆగిపోయేది. ఆ కొట్టాయన్ని అందరూ గాజు తాత అనేవాళ్ళు. తొట్లు ఆయనే స్వయంగా గాజు కోసి అతికించేవాడు, వేళ్ళ నిండా కోతలే. అద్దానికి ముక్కు ఆనించి నిలబడే ఈ పిల్ల ఏదో ఒకటి కాజేసే రకమని ఆయన రోజూ కసిరేవాడు. ఒకనాడు అక్క, "తాతగారూ, ఆ మూల చేప బతకదు" అంది. మర్నాటికి అది తేలిపోయింది. పిల్లే ఏదో కలిపిందని ఆయన మండిపడి, చెవి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు.

"ఎలా తెలిసిందే నీకు?"

"రెక్కలు ఒంటికి అదిమేసుకుంది. మేత వేస్తే అన్నీ పైకొచ్చాయి, అది రాలేదు. దాన్ని చూస్తే నాకు అనుమానమేసింది."

ఆయన చెవి వదిలేశాడు. "రేపట్నుంచి లోపలికొచ్చి చూడు. నా కొట్టుకి అనుమానప్పక్షి ఒకటి కావాలి" అన్నాడట.

అలా మొదలైంది. చదువు అయిపోయాక కూడా అక్కడే పనిచేసింది. పెళ్ళి మాటల్లో "అమ్మాయి ఏం చేస్తుంది?" అంటే వాళ్ళ నాన్న "నీటి శాఖలో" అన్నాడని మా బావగారు ఇప్పటికీ చెప్పి నవ్విస్తారు. అక్క పనితనం ఏమిటంటే, దేన్నీ నమ్మదు. నీళ్ళు తేటగా ఉన్నా నమ్మదు. చేప చురుగ్గా తిరిగితే "ఇంత హుషారెందుకు?" అంటుంది. తొట్టెల విషయంలో ఆ గుణం ఆవిడకి అన్నం పెట్టింది. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం చిక్కులు తెచ్చింది.

గాజు తాత కొట్టు వదిలి సొంతంగా మొదలుపెట్టాక, ఆయన ఖాతాదారులు కొందరు అక్క వెంట వచ్చేశారు. వాళ్ళలో పళ్ళ డాక్టరమ్మ ఒకరు. పళ్ళు పీకించుకోవడానికొచ్చే పిల్లలు భయం మర్చిపోవాలని ఆవిడ పెద్ద తొట్టి పెట్టించింది. అందులో ఒక లావుపాటి గోల్డ్ ఫిష్ ఉండేది. ఏ పనీ చెయ్యకుండా అటూ ఇటూ పెత్తనంగా తిరుగుతుందని దాన్ని అందరూ మేనేజరు అనేవాళ్ళు.

వారంలో క్లినిక్ మూసి ఉండే రోజున అక్క వెళ్ళి తొట్టి శుభ్రం చేసి వచ్చేది. ఒకసారి ఆ మర్నాడే ఫోన్: రెండు చేపలు పోయాయి. వెళ్ళి నీళ్ళు పరీక్ష చేసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. పై వారం మళ్ళీ అంతే, ఆవిడ శుభ్రం చేసి వచ్చిన మర్నాడే. ఆ పై వారం మేనేజరు పోయింది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఆవిడ కూడా మొహం తిప్పుకుని, "ఏమీ అనుకోకండి. మీరు వచ్చి వెళ్ళిన మర్నాడు తప్ప ఇంకే రోజూ ఒక్కటీ చావలేదు" అంది.

ఆ రోజు ఇంటికొచ్చి అక్క అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"కౌంటరు దగ్గరి అమ్మాయి నా మొహం చూసి మాట్లాడటం లేదు" అంది. పళ్ళెం పక్కకి నెట్టి, "ఊడ్చే ఆయమ్మ మరీ ఎక్కువ మాట్లాడుతోంది" అంది.

"మాట్లాడితే తప్పు, మాట్లాడకపోయినా తప్పేనా అక్కా?" అన్నాను.

"నువ్వు ఎవరి తరఫున అడుగుతున్నావు?" అంది.

ఆ నెలలో ఇంట్లో ఎవరం ఏమన్నా అందులో ఆవిడకి రెండో అర్థం వినిపించేది. బావగారు "పోనీ ఆ ఒక్క తొట్టి వదిలెయ్" అంటే, "వదిలేస్తే ఎవరికి లాభం?" అని నిలదీసింది.

ఆ ప్రశ్నకి జవాబు కూడా ఆవిడే కనిపెట్టింది. గాజు తాత పన్ను నొప్పని ఈమధ్య ఆ క్లినిక్‌కి రెండుసార్లు వెళ్ళాడని డాక్టరమ్మ మాటల్లో తెలిసింది. తొట్టి పక్కన కుర్చీలోనే కూర్చున్నాడట. అక్కకి ఇంకేం కావాలి? చెప్పులేసుకుని ఆయన కొట్టుకి బయల్దేరింది. ఏదైనా గొడవవుతుందేమోనని వెనకే నేనూ వెళ్ళాను.

కొట్లో ముగ్గురు నలుగురు కొనేవాళ్ళున్నారు. తాత బల్ల మీద గాజు కోస్తున్నాడు. ఒక బుగ్గ ఇంకా వాచే ఉంది.

"నా తొట్లో ఏం కలిపారు?" అంది అక్క.

ఆయన కోత ఆపలేదు. "ఏ తొట్లో?"

"మీకు తెలుసు. పన్ను నొప్పి ఒంకతో వెళ్ళి నా చేపల్ని చంపారు. మేనేజర్ని కూడా చంపారు!"

కొనేవాళ్ళు చేపల్ని వదిలేసి మా వైపు తిరిగారు. మేనేజరంటే ఎవరో మనిషనుకుని ఒకావిడ గుండెల మీద చెయ్యేసుకుంది. తాత గాజు పక్కన పెట్టి, నోరు తెరిచి, పన్ను పోయిన ఖాళీ చూపించాడు.

"ఇది కూడా నీ చేపల కోసమే పీకించుకున్నానా?" అన్నాడు. "పో. నా గుమ్మం ఎక్కకు."

దారిలో అక్క ఒకే ఒక్క మాటంది: "చూశావా, కలపలేదని మాత్రం అనలేదు."

ఆ తర్వాతి వారం తొట్టి శుభ్రం చేశాక అక్క ఇంటికి రాలేదు. దొంగని పట్టుకునే తీరాలని కౌంటరు బల్ల వెనక నేల మీద కూర్చుంది. మధ్యాహ్నం ఆయమ్మ తన తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికొచ్చింది. గదులు తుడిచింది. తొట్టి ముందు నిలబడి, మిగిలిన చేపలతో "ఏమ్మా, మీ పెద్దాయన పోయాక దిగులుగా ఉందా?" అని పలకరించింది. అక్క బల్ల చివర్నుంచి తొంగిచూసింది. ఆయమ్మ చెయ్యి తొట్టి మీదికి వెళ్ళలేదు. స్నానాలగదిలోంచి ఒక డబ్బా తెచ్చి, బొద్దింకల మందు మూలమూలకీ కొట్టింది. కుర్చీల కింద కొట్టింది. ఆఖర్న తొట్టి కింద ఉన్న చెక్క అలమరా తలుపు తీసి, లోపల కూడా బాగా కొట్టి, తలుపు గట్టిగా మూసింది.

ఆ అలమరాలోనే గాలి పంపు ఉంది. లోపలి గాలిని పీల్చి, గొట్టంలోంచి నీళ్ళలోకి బుడగలుగా వదిలే పంపు.

"ఆపు!" అని అక్క బల్ల వెనక నుంచి లేచింది. ఆయమ్మ దయ్యమనుకుని డబ్బా విసిరి కెవ్వున అరిచింది. డబ్బా తగిలి అక్క నుదురు బొప్పికట్టింది. అక్క అదేమీ పట్టించుకోకుండా వెళ్ళి పంపు తీగ లాగేసింది. ఇద్దరూ కలిసి చేపల్ని బకెట్లలోకి తీశారు. ఆయమ్మ ఏడుస్తూనే పట్టుకుంది. "నా పిల్లల మీద ఒట్టు, నీళ్ళలో ఏమీ వెయ్యలేదమ్మా."

"వెయ్యలేదు" అంది అక్క. "నాకు తెలుసు."

ఒక మనిషి మాట ఆవిడ అంత తొందరగా నమ్మడం నేను వినడం అదే మొదలు.

నెల కింద ఎవరో పేషెంటుకి బొద్దింక కనబడిందని, ప్రతి సెలవురోజునా మందు కొట్టమని చెప్పింది డాక్టరమ్మేనట. పళ్ళ ఆసుపత్రిలో ఎప్పుడూ ఉండే ఘాటులో ఆ వాసన మర్నాటికి కలిసిపోయేది. డాక్టరమ్మ అక్క చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పంపుని కిటికీ పక్క గోడకి ఎక్కించారు. ఆ తొట్లో చావులు ఆగిపోయాయి.

గాజు తాత దగ్గరికి వెళ్ళి క్షమించమని అడగాలని నేనే అక్కని పోరాను. నుదుటి మీద బొప్పితో వచ్చింది. జరిగినదంతా చెప్పింది. ఆయన విని, తల దించుకుని, వేళ్ళ మీద ఎండిన జిగురు గిల్లుకున్నాడు.

"విషం నేను వెయ్యలేదు" అన్నాడు. "కానీ నీ తొట్లలో చేపలు చస్తున్నాయని మాత్రం చెప్పాను."

"ఎవరికి?"

"అడిగినవాళ్ళకి." జిగురు ముక్క ఊడదీసి బల్ల మీద పెట్టాడు. "అడగనివాళ్ళకి కూడా."

ఆ నెలలోనే రెండు హోటళ్ళు కారణం చెప్పకుండా అక్కని ఎందుకు మానిపించాయో అప్పుడర్థమైంది. కోపంతో లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. అక్క మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే తాతగారూ, నేను సగమే క్షమాపణ అడుగుతాను" అంది.

"సగం చాలు" అన్నాడాయన. "మిగతా సగం నేను అడగాలి. నాకు అడగడం రాదు."

హోటళ్ళు తిరిగి రాలేదు. పోయిన పని పోగా మిగిలిన తీరికలో అక్క మేడ మీది గదిలో ఏంజెల్ చేపలు పెంచడం మొదలుపెట్టింది. జతలు కట్టించి, గుడ్లు వేరు చేసి, పిల్లల్ని పెంచి కొట్లకి అమ్ముతోంది. ఇప్పుడు ఆ గదే ఆవిడకి అసలు ఉద్యోగం. బావగారు తన మంచం హాల్లోకి మార్చుకున్నారు.

మొన్నామధ్య ఎవరో కొత్త మనిషి చేపలు కొనడానికొచ్చాడు. సంచీలో వెయ్యబోతుంటే, "ముందు మేత వెయ్యండి, తింటాయో లేదో చూసి తెమ్మన్నారు" అన్నాడు. అక్క చెయ్యి ఆగింది.

"ఎవరు చెప్పారలా?"

"మా ముసలాయన. ఆయనకి మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేరు, కింద ఆటోలో కూర్చున్నారు."

అక్క కిటికీలోంచి తొంగి చూసింది. వెనక్కొచ్చి, తొట్లోకి మేత వేసి, అన్నీ తినేదాకా నిలబడి, ఆపైన ఒక్కొక్కటే ఏరి అన్నిటికంటే పెద్దవి సంచీలో వేసింది. వాటిని వాడికివ్వలేదు. తనే పట్టుకుని మెట్లు దిగింది. నేను పై నుంచి చూస్తూనే ఉన్నాను. ఆటోలో గాజు తాత సంచీ అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు. అక్క మాత్రం పెద్దగా నవ్వింది.