ఎవరి చెయ్యి?

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కాలిన గాయాల వార్డులో నర్సుగా ఇన్నేళ్ళు చేసినా అది తగ్గలేదు. ఒకసారి మాత్రం ఆ కోపం ఒక పసిదాని ప్రాణం మీదికి తేబోయింది.

అప్పటికి ఆ వార్డులో చేరి నాలుగు నెలలు. అంతలోనే అన్నీ తెలుసనుకునేదాన్ని. ఒక ఉదయం భవానీపురం నుంచి ఒక ముసలమ్మ మూడేళ్ళ మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. గంజి వారుస్తుంటే పిల్ల వెనక నుంచి వచ్చి గిన్నె లాగేసిందట. మెడ కింద నుంచి పొత్తికడుపు దాకా, కుడి చెయ్యీ కాలాయి. వాటి మీద తెల్లగా టూత్‌పేస్టు మెత్తారు.

"పళ్ళు తోముకునేది ఒంటికి పూస్తారా ఎవరన్నా?" అని కసిరాను.

"చల్లగా ఉంటుందని పక్కింటామె పూసిందమ్మా. పిల్లేమో మోచేతి దగ్గర నొప్పి లేదంటోంది. అక్కడ తగ్గినట్టేనా సిస్టరమ్మా?"

పేస్టు కడిగి చూశాను. పొట్ట మీద గులాబీ రంగు, బొబ్బలు, చెమ్మ. నీళ్ళు తగలగానే పిల్ల కెవ్వుమంది. మోచేతి మీద తమలపాకంత మేర పాలిపోయి ఉంది. అక్కడ ముట్టుకున్నా ఏడవలేదు. నొప్పి తెలియని చోటే లోతుగా కాలిందని అర్థం.

ఇక ఎంత మేర కాలిందో చూడాలి. బొబ్బలెక్కని ఉత్త ఎరుపు లెక్కలోకి రాదు. వేళ్ళతో సహా అరచెయ్యి ఒంట్లో నూటికి ఒక వంతు. గాయం మీద ఎన్ని అరచేతులు పడితే అంత శాతం. పిల్లలకు అది పది దాటితే సెలైన్ పెట్టి తీరాలి, లేకపోతే ఒంట్లో నీరంతా గాయాల్లోంచి పోతుంది. గాయానికి ఆనకుండా చెయ్యి చాపి, ఆ కోపంలోనే చకచకా కొలిచాను. ఐదు. కాగితం మీద ఐదు అని రాసి, సెలైన్ అక్కర్లేదులే అనుకుని కట్టు సామాను తీశాను.

"సిస్టరమ్మా, మీ చేత్తో కొలిచారేంటి?"

"నా చేత్తో కాక నీ చేత్తో కొలవనా? నీకు తెలుసా, నాకు తెలుసా?"

ముసలమ్మ నొచ్చుకోలేదు. "కోప్పడకమ్మా. వన్ టౌన్‌లో పూలమ్ముకుంటాను. కొనేవాళ్ళు మూర కొలవడానికి పొడుగు చేతులోళ్ళను వెంటబెట్టుకొస్తారు. ఎవరి చెయ్యో చూసుకోవాలి గదా! పిల్లదేమో పిడికెడు ఒళ్ళు. మీ చెయ్యేమో చాటంత ఉంది."

తల కొట్టేసినట్టయింది. క్లాసులో నొక్కి నొక్కి చెప్పింది అదే: నర్సు చెయ్యి కాదు, రోగి చెయ్యి. పిల్ల ఎడమ అరచేతిని కాగితం మీద పెట్టి గీసి, కత్తిరించి, మళ్ళీ కొలిచాను. పదమూడు! డాక్టరుగారి దగ్గరకు పరుగెత్తి, "తప్పు కొలిచానండీ, పదమూడు" అన్నాను. ఆయన తిట్టడానికి కూడా ఆగలేదు. పది నిమిషాల్లో సెలైన్ ఎక్కింది.

ఆ పూటంతా మంచం దగ్గరే నిలబడ్డాను. పిల్ల సోలిపోయి పడుకుంది, నాలుక పొడిబారింది. మధ్యాహ్నం రెండింటికి ముసలమ్మ కంగారుగా పిలిచింది.

"ఏమనుకోకమ్మా, పక్క తడిపేసింది. నేను ఉతికేస్తాలే."

ఒంట్లోకి నీరు చేరిందనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. "తడపనీ, నీకు పుణ్యముంటుంది" అని అక్కడే ఏడ్చేశాను. ఆమెకేమీ అర్థం కాలేదు.

మోచేతికి చర్మం అతికించారు. అది బిగుసుకుపోయి చెయ్యి చాపలేదేమోనని నెలన్నర పాటు రోజూ ఆ చెయ్యి సాగదీయించాను, పిల్ల రోజూ నన్ను తిట్టింది. ఇంటికెళ్ళే రోజున ముసలమ్మ మల్లెదండ తెచ్చింది.

"సిస్టరమ్మకు ఒక మూర కొలిచివ్వవే."

పిల్ల కుడి చెయ్యి పూర్తిగా చాపింది. మోచేతి నుంచి వేలి కొస దాకా దండ పరిచి, అక్కడ తెంచి నాకిచ్చింది. అది నాకు జానెడు కంటే కాస్త ఎక్కువ.

"మూరంటే ఇంతేనా?" అన్నాను.

"నా చెయ్యి ఇంతే మరి" అంది.