పసుపు నీళ్లు పడ్డ కంప్యూటర్

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేను దేనికైనా హడలిపోయానంటే అది మా చిన్నాన్న సొంతంగా తయారుచేస్తున్న కంప్యూటరుకే. శృంగవరపుకోటలో మా తాతయ్యది గోనెసంచుల కొట్టు. దాని వెనక గదిలో చిన్నాన్న ఒక చెక్క మీద చిన్న చిన్న నల్లటి చిప్‌లు పెట్టి, వాటికి తీగలు అతుకుతూ కూర్చునేవాడు. స్విచ్చులతో రెండు అంకెలు చెబితే ఎర్ర దీపాలు వెలిగి కూడిక చూపిస్తాయట. ఒకసారి దీపాలకు బదులు పొగ వచ్చింది. గోనెల దగ్గర నిప్పంటే తాతయ్యకు పై ప్రాణాలు పైనే పోతాయి. "ఇంకోపాలి పొగొచ్చిందంటే ఈదిలోకి ఇసిరేస్తాన్రా" అన్నాడు. నాకు కలలోకి కూడా ఆ పొగే వచ్చేది.

ఆ ఏడు దసరాకు కొట్టులోని తక్కెడ, తూనికరాళ్లు కడిగి పూజలో పెట్టారు. కొడుకు పనిముట్టు మాత్రం ఏం పాపం చేసిందని మా నాన్నమ్మ ఆ చెక్కనూ తెచ్చి పక్కన పెట్టింది. ప్రతి చిప్‌కీ గంధం, కుంకుమ దిద్దింది. ప్రేమగా పసుపు నీళ్లు చిలకరించింది.

చిన్నాన్న తలంటుకుని వచ్చి అందరి ముందూ ప్లగ్గు పెట్టాడు. ఇక స్విచ్చు వేయడమే తరువాయి. తీగల మధ్య నీళ్లు మెరుస్తున్నాయి. మళ్లీ పొగే వస్తుందనిపించింది. పరుగున వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని వేలాడాను.

"ఏటే, ఏటైనాది?" అంటూ నా చూపు వెంట చూసి పాలిపోయాడు. గభాలున ప్లగ్గు పీకేశాడు. నాన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పట్టుకున్న చిన్నాన్న చెయ్యి గజగజ వణుకుతోంది. పెద్దవాళ్లకూ భయం వేస్తుందని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

"నాకూ బయంగానే ఉన్నాదే. బయమేస్తే ముందు ప్లగ్గు తీసెయ్యాల. అప్పుడు మొదట్నించి ఒక్కొక్కటీ సూసుకోవాల" అన్నాడు.

స్పిరిటు, పాత పళ్ల బ్రష్షు తెచ్చి బొట్లన్నీ తుడిచాడు. నాన్నమ్మ చేతే విసనకర్రతో విసిరించాడు. తడారాక ఒక్కో తీగనూ వేలితో తడుముతూ నాకు చూపించాడు. సాయంత్రం మళ్లీ స్విచ్చు వేసేటప్పుడు తాతయ్య ఇసక బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకున్నాను. పొగ వాసన రాలేదు. తెరిచి చూస్తే ఎర్ర దీపాలు! నాన్నమ్మ దూరం నుంచే వాటికి దండం పెట్టింది.

మొన్న డాక్టరు నా గుండె గురించి ఏదో చెబుతుంటే చెవులు గింగురుమన్నాయి. కాసేపు ఆగమన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. భయం పోలేదు. అయినా, "ఇప్పుడు మొదట్నించి ఒక్కొక్కటీ సెప్పు బాబూ" అన్నాను.