లెక్కలో కొసరు

ఆ రోజుల్లో మా రేవులో లెక్క రావడాన్ని ఎవరూ చదువు కింద జమ కట్టేవారు కాదు. ఈత రావడం లాంటిదే అదీ. కొవ్వూరు బజార్లో అమ్మ చేపల గంప పక్కన కూర్చుని, ముక్కు చీదుకునే వయసులోనే నేను వడ్డీలు నోటితో చెప్పేసేదాన్ని. అక్షరాలు మాత్రం పద్దెనిమిదో ఏట గానీ నా దగ్గరికి రాలేదు. మధ్యాహ్నం బేరాలయ్యాక అంగన్‌వాడీ గదిలో పంతులమ్మ గారు మాకు పలకలు ఇచ్చేవారు. ‘ణ’ని చూస్తే వలలో చిక్కుకున్న రొయ్యలా కనిపించేది (ఇప్పటికీ అలాగే రాస్తాను, మీసాలతో సహా). కిందామీదా పడి, బయటి నుంచి పరీక్ష రాసి పదో తరగతి గట్టెక్కేసరికి నాకు ఇరవై మూడేళ్ళు.

ఇక ఏ గ్రూపు తీసుకోవాలన్న గొడవ మొదలైంది. పంతులమ్మ గారు, “నీ బుర్రకి ఎంపీసీయేనే, ఇంజనీరువి అవుతావు,” అన్నారు. నాకేమో కామర్స్ మీద కన్ను పడింది. కారణం పెద్ద గొప్పదేం కాదు. బ్యాంకుకి వెళ్ళి వేలిముద్ర వేసి వచ్చిన ప్రతిసారీ అమ్మ మొహం ముడుచుకుని ఉండేది. అద్దం వెనక వాళ్ళు ఏం రాసుకున్నారో, డబ్బు ఎందుకు కోసుకున్నారో ఆవిడకి తెలిసేది కాదు. బజారంతటినీ నోటితో గెలిచే మనిషి అక్కడ మాత్రం “అలాగేనండి” అని వచ్చేసేది. ఆ అద్దానికి అవతల కూర్చుంటే ఏం కనిపిస్తుందో చూడాలని నాకు పట్టుదల. అమ్మ ఒకే షరతు పెట్టింది. “ఒక్కసారి వెళ్ళు. సీటు వస్తే చదువు. రాకపోతే మర్నాడే గంప ఎత్తుకోవాలి, ఏడవకూడదు.”

బస్సెక్కి వంతెన దాటి రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీకి వెళ్ళాను. గుమాస్తా గారు నా వెనక్కి తొంగి చూసి, “అమ్మాయి ఏదండీ?” అని అడిగారు. “నేనేనండి అమ్మాయిని,” అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు, నేనేం మారలేదు. బడి మొహం చూడకుండా పది పాసైన దాన్ని కాబట్టి కామర్స్ లెక్చరర్ గారు ముందు ఒక పరీక్ష పెడతానన్నారు. పైసా తేడా వచ్చినా మార్కులు కోస్తారని పిల్లలు ఆయన్ని ‘పైసా మేష్టారు’ అనేవారట (ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది, ముందే తెలిస్తే ఎంత బాగుండేది).

కాగితంలో పది వడ్డీ లెక్కలు. ఒక రైతు అప్పు తీసుకున్నాడు, ఒక దర్జీ తీసుకున్నాడు, ఒక పాలావిడ తీసుకుంది. వాళ్ళకి పేర్లు లేవు గానీ, నాకు మాత్రం గంప ముందు సంచి తెరిచి నిలబడ్డట్టే కనిపించారు. రాయడం నాకు నత్తనడక. అందుకని అంతా మనసులోనే చేసేసి జవాబులు మాత్రం వేసి, పావుగంటలో కాగితం ఇచ్చేశాను. నాలాగే పరీక్షకి కూర్చున్న మిగతా పిల్లలు అసూయగా చూశారు. నేను పైట సర్దుకుని ఇంజనీరులా కూర్చున్నాను.

పైసా మేష్టారు ఎర్రకలం తీసి ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయారు. పదో దానికి వచ్చేసరికి కలం ఆగింది.

“ఏమ్మా, పదికి పదీ తప్పే. కానీ ఒక్కటీ పెద్ద తప్పు కాదు. అన్నీ కాస్త తక్కువ. రెండువేల ఏడువందల అరవై అయిదుకి నూటికి తొమ్మిది చొప్పున ఏడాది వడ్డీ ఎంత?”

“రెండువందల నలభై ఎనిమిది రూపాయల ఎనభై అయిదు పైసలండి.”

“మరి రెండువందల నలభై అయిదని రాశావేం?”

“పైది కొసరండి.”

“ఏంటీ?”

“కొసరండి. చేపలు కొన్నాక పైన గుప్పెడు చిన్నచేపలు, పరిగెలు వెయ్యమూ? కొసరు వెయ్యని చేతికి మర్నాడు బేరం రాదండి.”

“బ్యాంకు కొసరు వెయ్యదమ్మా!”

“అందుకే అక్కడికి ఎవరూ నవ్వుతూ రారండి,” అనేశాను. అన్నాక, సీటు పోయి గంప నెత్తిన పడ్డట్టే అనిపించింది.

ఆయన నవ్వలేదు. మిగతా తొమ్మిదీ కొసరు వెయ్యకుండా నోటితో చెప్పమన్నారు. చెప్పాను. ప్రతి దాని పక్కనా ఎర్రకలంతోనే సరిచేసుకుంటూ వెళ్ళారు. చివరికి, “నువ్వు ఎంపీసీకి వెళ్ళమ్మా. అక్కడ లెక్కల్లో మనుషులుండరు. ఎవరికీ కొసరు వెయ్యాలనిపించదు,” అన్నారు.

“మనుషులు లేని లెక్క నాకెందుకండి?” అన్నాను. అది ధైర్యంతో అన్నది కాదు. ఎంపీసీ గది మూడో అంతస్తులో ఉందని గుమాస్తా గారు చెప్పారు, నాకు మెట్లంటే భయం. మేష్టారు మాత్రం దాన్ని పెద్ద మాటగానే తీసుకుని దరఖాస్తు మీద సంతకం పెట్టి, “ఈ గుమ్మం లోపల కొసరు వెయ్యకూడదు. గుర్తుంటుందా?” అన్నారు.

ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పాను. సీటు వచ్చిందన్న మాట ఆవిడ చెవికి ఎక్కినట్టు లేదు.

“మొత్తం ఎంత వదిలావే?”

“పదింటికీ కలిపి ముప్ఫై ఏడు రూపాయల చిల్లర.”

“ముప్ఫై ఏడు! ముక్కూ మొహం తెలియనోళ్ళకి! నా జన్మలో ఒక్కరోజు అంత కొసరు వెయ్యలేదే!” అని నెత్తి కొట్టుకుంది. తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి నా దరఖాస్తు మీది సంతకాన్ని వేలితో మెల్లగా తడిమి చూసింది.

అద్దానికి అవతల ఏముందో తర్వాత చూశాను. ఒక బల్ల, ఒక ఫ్యాను, బోలెడు కాగితాలు. ఇప్పుడు ఇతరుల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం నాది. కుర్రవాళ్ళు నన్ను వెనకాల ‘పైసా మేడమ్’ అంటారని ఈమధ్యే తెలిసింది.

మొన్న ఆదివారం చేపల బజారుకి వెళ్ళాను. మా రేవు పిల్లే, ఎలక్ట్రానిక్ కాటా పెట్టుకుని కూర్చుంది. చేపలు తూచి నా సంచిలో వేసి, “నాలుగువందల పదమూడండి, స్కాన్ చేసేయండి,” అంది. ఫోను తీసి, పదమూడుతో సహా కొట్టాను. ఆ పిల్ల లెక్క సరిగ్గా ఉంది, నా లెక్కా సరిగ్గా ఉంది.

“ఇంకేం కావాలండీ?” అని ఆ పిల్ల అడిగేదాకా నాకు తెలియలేదు, నేను సంచి నోరు తెరిచి పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నానని.