ఊరందరి చెప్పులూ సోమయ్య కాళ్లకే

సోమయ్య రెండు కాళ్లకూ ఒకే జత ఉండగా చూసినవాళ్లు గండిమైసమ్మ చౌరస్తాలో ఎవరూ లేరు. చెప్పుల దుకాణం పెట్టి ఇరవై రెండేళ్లయినా సొంతానికి ఒక్క జత తీసుకున్న పాపాన పోలేదు. ఎవరో కావాలని చెప్పి పక్కన పెట్టించుకున్న కొత్త జతల్నే తొడుక్కుని ఊరంతా తిరుగుతాడు.

మొన్న మేడ్చల్ నుంచి షేర్ ఆటోలో వస్తుంటే, గండిమైసమ్మ ఇంకో కిలోమీటరు ఉందనగా రోడ్డు పక్కన కనిపించాడు. ఒక కాలు పెళ్లికొడుకులా, ఇంకో కాలు బ్యాంకు మేనేజరులా నడుస్తున్నాయి. ఎడమకాలికి ముక్కు తిరిగిన జరీ జోడు, కుడికాలికి నల్లని ఆఫీసు బూటు. ఆటో ఆపించి దిగిపోయాను. వెళ్లాలనుకున్న చోటికి చేరకపోవడం నాకు అరవై ఏళ్ల అలవాటు.

“ఎవరివి సోమయ్యా ఇయ్యాల?”

“ఎడమది దుండిగల్ అభిలాష్‌ది సార్. ఎల్లుండి లగ్గం. కుడిది వాళ్ల మేనమామది. తిన్నంక ఎడమకాలికి మామది, కుడికాలికి అభిలాష్‌ది.”

“పెళ్లికొడుక్కు తెలుసా?”

“మాల్ చెకింగ్ సార్ గిది! కంపెనోడు మంచిగ జేసిండో లేదో మనం చూసుకోవద్దా?”

మాల్ చెకింగ్ అనేది ఆయన మాట. పిసినారితనం అనేది ఊరి మాట. నాది ఊరి పక్షమే. ఎనిమిదో నంబరైతే వేళ్లు ముడుచుకుంటాడు, పదో నంబరైతే పేపర్లు కుక్కుకుంటాడు. ఆడవాళ్ల చెప్పులైతే చేతులకు తొడుక్కుని కౌంటరు మీద టకటకా నడిపిస్తాడు. ఒకసారి టీ కొట్టు దగ్గర బహదూర్‌పల్లి మల్లేష్ ఆయన కాళ్లకేసి చూసి గొల్లుమన్నాడు.

“అన్నా, గవి నా చెప్పులు గదనే!”

“ఇంక నీయి గాలే. రెండు దినాలు ఆగు.”

“కొత్తయి కొంటానంటే పాతయి జేసి ఇస్తవా?”

మల్లేష్ ఆగలేదు. అక్కడే నిలబడి ఫోన్లో ఆర్డర్ పెట్టేశాడు. కొత్త కాలనీల వాళ్లదీ అదే దారి. ఎవరి కాలూ దూరని చెప్పులు డబ్బాతో సహా గుమ్మంలోకి వస్తుంటే, సోమయ్య ఊరేగి తెచ్చిన చెప్పులెవరికి కావాలి?

నడుస్తూ నడుస్తూ అసలు సంగతి చెప్పాడు. పార్శిళ్ల కంపెనీ ఒకటి డబ్బాలు పెట్టుకోవడానికి ఆయన మడిగను, అంటే ఆ దుకాణం గదిని, కిరాయికి అడుగుతోంది. భార్య వజ్రమ్మ ఆ పొద్దున్నే గడువు పెట్టింది. సాయంత్రం ఐదింటికి కంపెనీవాడు వస్తాడు. ఆలోగా మూడు జతలు పోతే దుకాణం ఉంటుంది, లేదంటే తాళంచెవి వాడికి.

ధైర్యం చెబుదామని నేను చదివిందంతా కక్కాను. ముందుముందు అందరూ ఫోన్లోనే కొంటారట, దుకాణాలు మిగిలితే సరుకును తాకి అనుభవించే చోట్లుగా మిగులుతాయట.

“అనుభవమా? నా మడిమలనడుగు సార్, జెప్తయి,” అన్నాడు.

ఇద్దరం దుకాణం చేరాం. నాలుగింటికి అభిలాష్, మేనమామ వచ్చి, అడుగున దుమ్మేమిటని సణుగుతూనే తమ జతలు తీసుకుపోయారు. రెండు. సోమయ్య వెంటనే ఇంకేవో రెండింటిలో కాళ్లు దూర్చేశాడు.

నాలుగున్నరకు కాలనీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. చెకింగ్ పూర్తయిన గోధుమరంగు చెప్పులు తొడుక్కుని, “అబ్బ, దూదిలా ఉన్నాయి!” అని డబ్బు కట్టడానికి ఫోన్ తీశాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వజ్రమ్మ మూడు వేళ్లు పైకెత్తింది.

అప్పుడే పై అంతస్తుకు పార్శిల్ ఇచ్చి రాఘవేందర్ దిగాడు. ఒకప్పుడు ఎదురుగా రెడీమేడ్ బట్టల దుకాణం ఆయనదే. అది మూతబడ్డాక నలభై ఆరేళ్ల వయసులో పార్శిళ్లు మోస్తున్నాడు. నిప్పుల మీద నడుస్తున్నట్టు వస్తున్నాడు.

“ఏందిరా గా నడక?”

“కంపెనోళ్లు కొత్త బూట్లిచ్చిండ్రు సోమన్నా. ఇంక నలభై ఇండ్లు తిరగాలె.”

సోమయ్య ఆయన్ని కూర్చోబెట్టి బూట్లు లాగాడు. రెండు మడిమలకూ బొబ్బలు. “తొమ్మిదో నంబరే గదా, నాది గూడ గదే,” అంటూ ఆ బూట్లు తాను తొడుక్కోవడానికి తన కాళ్లవి విప్పాడు.

ఆయన ఉత్త కాళ్లు చూడటం నాకదే మొదటిసారి. మడిమల నిండా మచ్చలు, పట్టీలు. ఆఫీసు ఫైలు మీద ముద్రలు కొట్టినట్టున్నాయి.

“ఇవేంది సోమయ్యా?”

“ఇది అభిలాష్ లగ్గం జోడు. గిది మేనమామ బూటు. గీ పెద్దది మల్లేష్‌ది. వాడు ఆగకపాయె, నాకు ఉత్తపుణ్యానికి కాటు! కొత్త జోడు కరవక మానదు సార్. ఆ కరిసేదేదో నన్నే కరవనీ, నాకు అలవాటే.”

“ఇన్నేళ్లూ చెప్పవేం?”

“చెప్తే పాపమని ఎవ్వరూ కొనరు సార్.”

అని, పెద్దమనిషి కాళ్ల దగ్గర కూర్చుని, “జర ఇడువుండ్రి” అంటూ గోధుమరంగు చెప్పులు ఊడలాగి రాఘవేందర్‌కు తొడిగేశాడు.

“ఏమయ్యా!” వజ్రమ్మ లేచింది. “గా పార్శిళ్లతోనే గద మన దుకాణం గిట్లయింది!”

“పార్శిళ్లు మోసేటోనికి గూడ మడిమలుంటయి గదనే.”

సరిగ్గా ఐదింటికి కంపెనీ మనిషి వచ్చి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. వజ్రమ్మ రాఘవేందర్ కాళ్లకేసి ఒకసారి చూసింది.

“మూడు జోళ్లు పోయినయి. మడిగ ఇయ్యం.”

“మూడోది నాకు అమ్మనేలేదే!” అన్నాడు ఉత్త కాళ్ల పెద్దమనిషి.

“మీరు ఊకోండ్రి సారు. మీ జోడు గూడ రెండు దినాల్ల అయితది. డిజైన్ జూపెట్టుండ్రి.”

దుకాణం దక్కిందని చెబుదామని సోమయ్య వైపు తిరిగాను. అప్పటికే రోడ్డెక్కాడు. రాఘవేందర్ బూట్లు పొద్దున డ్యూటీకల్లా మెత్తబడాలి కదా. పిలిచాను, తిరిగి చూడలేదు. దుండిగల్ వైపు ధన్ ధన్ మంటూ పోతూ, మధ్యలో ఒక్కసారి ఒంటికాలి మీద ఎగిరాడు. కరిచినట్టుంది. మళ్లీ నడిచాడు.