అక్కడ మనవాళ్లెవరు?

మా అమ్మాయి ఉద్యోగం చేస్తూనే ఇక్కడి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. చిన్న కంపెనీలు పరాయి దేశాలకు ఎలా విస్తరిస్తాయన్నది ఆమె అంశం. నాలుగు కంపెనీలను ఎంచుకుని లోతుగా పరిశీలించాలి. అమెరికాలోని ఈ మోరిస్‌విల్‌లో మనవాళ్ల కంపెనీలకు కొదవ లేదు కాబట్టి, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో పరిచయమైన నలుగురిని అడిగి ఒప్పించింది.

నేను పరిశ్రమల శాఖలో పనిచేసి రిటైరైనదాన్ని. రోజూ డైరీ రాసేదాన్ని కావడంతో ఏ సంగతినైనా వరుసలో పెట్టుకుంటే గాని నాకు తోచదు. ఇంటర్వ్యూలకు తోడు వెళ్లి, నలుగురినీ ఒకే ప్రశ్న అడిగాను: మీరు మొదట వెళ్లినప్పుడు అక్కడ మీకు ఎవరున్నారు? నలుగురూ వెళ్లింది హైదరాబాద్‌కే. ఒకరికి తమ్ముడు, ఒకరికి బావమరిది, మిగతా ఇద్దరికీ ఇంజనీరింగ్ రూమ్మేట్లు అక్కడి ఆఫీసు చూసుకుంటున్నారు.

అమ్మాయి నవ్వింది గాని ఆమె ప్రొఫెసర్ నవ్వలేదట. ఇది విదేశానికి వెళ్లడమా, ఇంటికి వెళ్లడమా అని అడిగారట. అయినవాళ్లెవరూ లేని చోటికి వెళ్లిన కంపెనీ ఒక్కటైనా లేకపోతే పోల్చి చూడటం కుదరదని, సెమిస్టర్ ముగిసేలోగా అది దొరక్కపోతే మళ్లీ మొదలుపెట్టాల్సిందేనని చెప్పారట. ఉద్యోగంతో, పిల్లలతో ఇంకో ఏడాది లాగే ఓపిక తనకు లేదని, మానేస్తానని అమ్మాయి నాతో అంది.

వారాల తరబడి వెతికాం. ఎవరిని కదిలించినా హైదరాబాదో, విజయవాడో. చివరికి ఒక టైర్ల షాపు వెనక రెండు గదుల్లో నడిచే కంపెనీ గురించి తెలిసింది. ల్యాబుల్లో మందులు దాచే ఫ్రిజ్‌లు వేడెక్కితే వెంటనే ఫోన్‌కు మెసేజ్ పంపే పరికరం తయారుచేస్తారు. చిలీ దేశంలో అమ్ముతారు. ఓనరుది వరంగల్ వైపు, నలభై ఏళ్లుంటాయి. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చాడు.

నా ప్రశ్న అడగడానికి నాకే భయమేసింది. అమ్మాయే అడిగింది. అతను జవాబు చెప్పేదాకా మేమిద్దరం టీ ముట్టలేదు.

"ఎవ్వరు లేరక్కా. స్పానిష్ గూడ రాదు. ఒక ల్యాబ్ నుంచి మెయిల్ వచ్చింది, టికెట్ బుక్ చేసుకొని పోయిన. పోయేసరికి ఆ మెయిల్ పెట్టినాయన జాబే మానేసిండు."

మరేం చేశావని అడిగాను. సైగలతో ఒక ఖాళీ ఫ్రిజ్ చూపించమన్నాడట. పరికరం అందులో పెట్టి, అక్కడ టెక్నీషియన్‌గా ఉన్న ఒకావిడ ఫోన్‌కు కలిపి, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పక్కన నిలబడ్డాడట. కొంతసేపటికి ఆమె జేబులో ఫోన్ మోగింది. ఆమె ఫోన్ చూసింది, తెరిచిన తలుపు చూసింది, వెళ్లి పక్క గదిలో వాళ్లందరినీ పిలుచుకొచ్చింది.

ఎగుమతి అంటే నాకు సీలు వేసిన ఫైళ్లు, ఓడరేవులు. తెలిసిన ముఖం లేని ఊళ్లో ఒక మనిషి ఫ్రిజ్ తలుపు తెరిచి అలా ఎదురుచూస్తూ నిలబడటం కూడా అదేనా అనిపించింది.

"ఆర్డర్ ఇయ్యలే ఆంటీ, వట్టి చేతుల్తోనే వచ్చిన. ఇంకో రెండుసార్లు పోయినంక ఇచ్చిన్రు. అది గూడ రాస్తరా?"

"అదే రాయాలండి," అంది మా అమ్మాయి.

అతను నవ్వి, రాసుకోమన్నాడు. ఆ టెక్నీషియన్‌తో కూడా మాట్లాడిస్తానన్నాడు.

కార్లో కూర్చోగానే అమ్మాయి ప్రొఫెసర్‌కు ఫోన్ చేసింది. అటువైపు ఏమన్నారో నాకు వినిపించలేదు. తమ్ముడు గాని, రూమ్మేటు గాని ఎవరూ లేరని ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పి, థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. "మళ్లీ మొదలుపెట్టక్కర్లేదట అమ్మా," అని సీట్లో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఇంటికి నెమ్మదిగా వెళ్దామన్నాను.