మందు కాదు, సూది

మందమర్రిల లారీలకు బొగ్గు ఎత్తి ఎత్తి నడుము పడిపోయినంక, ముకర్రం ఆదిలాబాద్ అడవిల దినకూలికి చేరిండు. పనేందంటే, సచ్చిన పశువులను ట్రాలీల ఏసుకపోయి గుట్ట కింద పడేసుడు. అవి రాబందులకు తిండి.

ఒకప్పుడు ఊరూరికి కనిపించిన రాబందులు మొత్తానికే మాయమైనయి. జాలిగూట్ల పెంచిన కొన్నిటిని ఈమధ్యనే ఫారెస్టోళ్లు గుట్ట మీద ఇడిసిపెట్టిన్రు. బయటికొచ్చినంక అవి ఇంకా ఏం తినలే. గదే ముకర్రం ఫికర్.

"రాబందులకు హోటల్ పెట్టినవట గద మామూ!" అని పోరలు ఎక్కిరిస్తే, "దావత్‌కు మిమ్ములను పిలువ తియ్, బేఫికర్ ఉండున్రి" అనేటోడు.

పశువులకు నొప్పులకు ఏసే సూది ఒకటుంటది. అది ఏసిన పశువును తింటే రాబందు పాణం పోతది. "అడగకుండ ఎత్తకు" అని ఆఫీసర్ మమతారాణి మేడం మరీమరీ చెప్పింది.

ఓనాడు సీతాబాయి ఎద్దు సచ్చిందని కబురొస్తే పోయిండు.

"సీతక్కా, దీనికేమన్న మందు పెట్టినవా?"

సీతాబాయి కస్సుమన్నది. "నీ నోట్ల మన్నువడ! బిడ్డ లెక్క సాదుకున్న ఎద్దుకు నేను మందు పెడ్తనా?"

ఏ మందు ఏయలేదన్నట్టే గద అనుకున్నడు ముకర్రం. ఆమె ఎద్దు నొసట పసుపు కుంకుమ పెట్టి, మెడ నిమిరిందాక ఆగి, ట్రాలీకి ఎత్తిచ్చిండు.

ట్రాలీ వాగు దాటిందో లేదో, ఎనుకనుంచి కేక. సీతాబాయి! కాళ్లకు చెప్పుల్లేవు, కొంగు నేల మీద గుంజుకపోతుంది.

"ఆగు తమ్మీ, ఆగు! నువ్వు మందంటే నేను ఇషం అనుకున్న. సూదైతే ఏపిచ్చిన. పాపం, కాలు కింద పెట్టకపోయె. సూది గూడ మందే గదా అని మా కోడలు వినోద అంటే గప్పుడు తెలివికొచ్చింది."

జర ఉంటే ముకర్రం తన చేతులతోనే రాబందులన్నిటిని సంపుతుండె.

"బతికిచ్చినవక్కా" అన్నడు.

ట్రాలీ మలిపిండు. ఇద్దరు కలిసి సీతాబాయి చెల్కల్నే, ఆ ఎద్దు దున్నిన కాడనే, బొంద తవ్వి, ఉప్పు పోసి ఎద్దును పూడ్చిన్రు. "నా ఎద్దుకు నా చెల్క మన్నే దొరికింది తమ్మీ" అని ఆమె కండ్లు తుడుసుకున్నది.

తెల్లారి పక్కూర్ల పిడుగు పడి బర్రె సచ్చింది. ఈసారి ముకర్రం తీరొక్క పేరు పెట్టి అడిగిండు: "సూదా? గోలియా? తాపిచ్చే మందా?" ఏదీ లేదన్నంకనే ఎత్తి గుట్ట కింద ఏసి, దూరంగ బండ సాటున కూసున్నడు.

పొద్దు వాలంగ ఒకటి దిగింది. అటిటు సూసి పొడిసింది. గంతే, మిగిలినయి గూడ రెక్కలు సాపుకుంట దిగినయి.

"యా అల్లా, శుకర్" అన్నడు ముకర్రం. ఆ మాట అనుకుంట సీతాబాయి ఊరి దిక్కే సూసిండు.

ఇంటికి పోకుండ సీదా ఆమె వాకిట్లకు పోయిండు.

"అక్కా, దిగినయి."

"తిన్నయా?"

"కడుపునిండ."

సీతాబాయి మొకంల నవ్వొచ్చింది. "అయితే కూసో, చాయ్ తాగిపో. సూది ఏయలే తియ్ దాంట్ల."