సూదిలో భావం చాల్లేదు

మా బాబాయికి ఏ పనీ ఒక్కసారితో తృప్తి ఉండదు. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. పిన్నిని పెళ్ళికి ఒప్పించినవాడు, నిన్న సరిగ్గా అడగలేదంటూ మర్నాడొచ్చి మళ్ళీ మొదటినుంచి అడిగాడట. అలాంటి మనిషి రిటైరయ్యాక సొంత డబ్బుతో సినిమా మొదలుపెట్టాడు. అరవై దాటిన ఇద్దరి ప్రేమకథ. కెమెరా నాది. ఓపికా నాదే.

హీరో ముప్పై ఏళ్ళు లిఫ్టు నడిపిన పెద్దాయన. హీరోయిన్ టైపు నేర్పిన టీచరమ్మ. ఇద్దరూ నిజజీవితంలోనూ ఒంటరివాళ్ళే. ఆయన తొడుక్కున్న చొక్కాకే ఆవిడ గుండీ కుట్టాలి, అదీ సీను. మొదటి టేకే బ్రహ్మాండంగా వచ్చింది.

"బాగుందే అమ్మాయ్, ఇంకొక్కటి," అన్నాడు బాబాయి.

నేను గుండీ కత్తిరించడం, ఆవిడ కుట్టడం. ఓసారి వెలుతురు బాలేదన్నాడు. ఓసారి ఫ్యాను చప్పుడన్నాడు. ఇరవయ్యోసారి, సూదిలో భావం చాల్లేదన్నాడు. నాలుగో రోజుకు చొక్కాలో గుండీ ఉండాల్సిన చోట కిటికీ తయారైంది.

ముదిమిలో ప్రేమ పవిత్రమని వల్లించేవాళ్ళు షూటింగుకి తీసుకున్న ఆ అద్దె గదిలో ఒక పూట కూర్చోవాల్సింది. దారం కొరికే నెపంతో టీచరమ్మ ఆయన గుండెల దగ్గర తల వంచేది. ఆయన పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టేవాడు. కట్ చెప్పగానే మాత్రం మూల కుర్చీలో చేరి స్క్రిప్టులో తల దూర్చేవాడు. రాసిచ్చిన మాట తప్ప సొంత మాట ఒక్కటీ నోట రాదు.

చివరి రోజు బాబాయిని వరండాలోకి లాక్కెళ్ళాను.

"మొదటిదే బాగుంది బాబాయ్. ఎందుకీ చాకిరీ?"

"నాకు తెలీదనుకున్నావా? రేపు గది ఖాళీ చెయ్యాలి. షూటింగ్ అయిపోతే ఆయన ఏ వంకన ఆవిడ ఎదురుగా కూర్చుంటాడే? ఈలోగా ఒక్క ముక్క సొంతంగా అంటాడేమోనని చూస్తున్నా."

లోపలికెళ్ళి కత్తెర తీశాను.

నలభై ఒకటోసారికి టీచరమ్మ సూది పక్కన పెట్టేసింది. "డైరెక్టరుగారూ, ఈ చొక్కా ఇక కుట్టుకు ఆగదు. ఈయనకి ఇంకెన్ని చొక్కాలున్నాయో కనుక్కోండి."

"ఎదురుగానే ఉన్నారుగా, మీరే అడగండి," అన్నాడు బాబాయి.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఆయన వైపు చూసింది. పెద్దాయన కంగారుగా స్క్రిప్టు తిరగేశాడు. అందులో ఆ ప్రశ్నే లేదు. కాగితాలు పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఏడున్నాయండీ. గుండీలన్నీ గట్టిగానే ఉన్నాయి."

ఒంటిమీది చొక్కాకి మిగిలిన గుండీ ఒకటి తిప్పుతూ, మళ్ళీ అన్నాడు.

"రేపటికల్లా ఊడిపోతాయి."